గోడ పక్కన అక్క

ఫొటోలన్నీ పైన ఉన్నాయట. పైన అంటే ఎక్కడ, అటక మీదా? అని అడిగితే మా అక్క కూతురు పడీపడీ నవ్వింది. "క్లౌడ్‌లో పిన్నీ" అంది. నవ్వితే నవ్వనీ. నా వస్తువు నా కళ్ళెదుట ఉండాలి. చేతికి తగలాలి. మొండికేస్తే నెత్తిన ఒక్కటి మొట్టడానికి వీలుగా ఉండాలి. ఎక్కడో ఎవరి దగ్గరో దాచిపెట్టి, చూసుకోవాలనిపించినప్పుడల్లా సిగ్నల్ కాళ్ళావేళ్ళా పడే బతుకు నాకొద్దు.

మా పేట కొండవాలులో ఉంది. ఎదురుగా ఇంకో కొండ. ఆ రెంటి సందులోంచి సిగ్నల్ మా దాకా వచ్చేసరికి దానికే ఆయాసం వస్తుంది. ఇంటర్నెట్ మాకు కుళాయి నీళ్ళలాంటిది. వచ్చినప్పుడు పట్టుకోవాలి, పట్టుకున్నది పొదుపుగా వాడుకోవాలి. నెలాఖరుకి డేటా అయిపోతే మళ్ళీ ఒకటో తారీకు దాకా అందరం బుద్ధిగా ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ కూర్చుంటాం.

ఇలాంటి చోట నాకో జిరాక్సు షాపు. జిరాక్సులు, ప్రింట్లు, లామినేషన్, పాస్‌పోర్టు ఫొటోలు. మా ఇంటివాళ్ళు ప్రింటుకి తెచ్చిన ఫొటోలు నేను చచ్చినా చెరపను. "ఇంకో కాపీ తియ్యి" అంటూ ఎలాగూ మళ్ళీ వస్తారు. హార్డ్ డిస్కు నిండితే దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి, మూత మీద ఎవరివో రాసి, షాపు వెనక అరలోకి ఎక్కిస్తాను. అందుకే ఇంటిల్లిపాదీ నన్ను డబ్బాల పిన్ని అంటారు. వరసకి పిన్ని కానివాళ్ళు కూడా అంటారు. ఆఖరికి మా బావ కూడా అంటాడు, మరదల్ని పట్టుకుని పిన్ని అనడానికి నోరెలా వస్తుందో!

మా బావ బోర్డులు రాసేవాడు. చెప్పుల కొట్టు, పళ్ళ డాక్టరు గోడ, తాళాలు బాగుచేసే అతని షట్టరు, బేకరీ పక్కగోడ, ఈ ఊళ్ళో చదవదగ్గ గోడ ఏది ఉన్నా అది ఒకప్పుడు ఆయన చేతి మీదుగా పోయిందే. మనిషి నెమ్మది. మాట పొదుపు. కుంచె పట్టుకున్నాడంటే మాత్రం నిచ్చెన మీద నిలబడి ఒక్క ఊపిరిలో అంత పొడుగు గీతా లాగేసేవాడు. కింద నిలబడి చూసేవాళ్ళు ఊపిరి బిగబట్టేవారు, ఆయన మాత్రం ఈల వేసుకుంటూ ఉండేవాడు.

ఆయన పని తీరే వేరు. గోడ ఒప్పుకున్నాక ముందుగా ఖాళీ గోడని చిన్న కెమెరాతో ఫొటో తీసేవాడు. ఆ ఫొటో నా దగ్గరికి తెచ్చి పెద్ద కాగితం మీద ప్రింటు తీయించుకుని, దాని మీద పెన్సిల్‌తో అక్షరాలు పేర్చుకునేవాడు. మరి ఫొటోలో ఉన్న గోడ అసలు ఎంత ఎత్తో ఎలా తెలియాలి? దానికి మా అక్క ఉంది. గోడ పక్కన అక్కని నిలబెట్టేవాడు. కుడిచెయ్యి నిటారుగా పైకెత్తి, వేళ్ళు చాచి. కాలి మడమ నుంచి వేలికొన దాకా ఒక నిలువు. బావ లెక్కలన్నీ ఆ నిలువుతోనే. రాయడం అయ్యాక తీసే ఫొటోలోనూ అక్కని అలాగే నిలబెట్టేవాడు. "పళ్ళ డాక్టరుది రెండు నిలువుల గోడ. చెప్పుల కొట్టుది నిలువున్నరే. అక్షరం అర నిలువన్నా లేకపోతే రోడ్డవతలికి ఆనదు" అనేవాడు. కొత్తగా విన్నవాళ్ళు ఈయన బావులు తవ్విస్తాడేమో అనుకునేవారు.

టేపు లేక కాదు ఈ తంటా అంతా. టేపు ఉంది. పసుపుపచ్చ డబ్బాలో చుట్టుకునే ఇనుప టేపు, ఒక మూల మీద ఎప్పుడో పడ్డ ఎర్ర రంగు చుక్క. బావ పని చేసుకునే గది గుమ్మం పక్కన మేకుకి వేలాడుతూ ఉండేది. ఒకసారి దారిలో బజారు పని ఉందని అక్క కూడా ఆయనతో బయల్దేరింది. తీరా గోడ దగ్గరికి వెళ్ళాక చూస్తే బావ టేపు మర్చిపోయాడు. వెనక్కి వెళ్ళి తేవాలంటే కొండ ఎక్కాలి. "నా ఎత్తు మీకు తెలియదా ఏంటి? నన్ను నిలబెట్టి తీసుకోండి ఫొటో" అంది అక్క. అలా మొదలైంది.

ఇక అక్కణ్ణుంచి ఆ టేపు ఏనాడూ సమయానికి దొరికిన పాపాన పోలేదు. బావ బయల్దేరేముందు మేకు చూసుకునేవాడు. ఖాళీగా ఉండేది. సరే, సంచిలో పెట్టేసుకున్నాను కాబోలు అనుకుని వెళ్ళేవాడు. అక్కడ సంచి బోర్లించి చూస్తే కుంచెలు, సుద్దముక్కలు, గీత కొట్టే దారం, అన్నీ ఉండేవి, టేపు తప్ప. ఇంటికి తిరిగొచ్చేసరికి అది మేకుకే వేలాడుతూ ఉండేది!

"ఇదిగో, ఇక్కడే ఉందిగా. కళ్ళు ఎక్కడ పెట్టుకుని చూశారు? మీ మతిమరుపు మండ!" అని అక్క కేకలేసేది.

బావ తల గోక్కునేవాడు. "ఖాళీగా ఉన్నట్టే ఉంది మరి, పొద్దున" అని గొణుక్కునేవాడు.

"మతిమరుపు మహారాజుగారూ, రేపటి గోడకి కూడా నేనే రావాలా అయితే?"

"రావే, తప్పుతుందా" అనేవాడు ఆయన. ఊరంతా ఆయన్ని ఆటపట్టించేది. నేనైతే ఎప్పుడు షాపుకొచ్చినా "బావా, తల తెచ్చుకున్నావా, మేకుకి తగిలించి వచ్చావా?" అని అడగందే ప్రింటు ఇచ్చేదాన్ని కాదు.

అక్క పగలంతా ఇంట్లో కుట్టుమిషను ముందు ఉండేది. ఆసుపత్రి వాళ్ళ తెల్లకోట్లు కుట్టేది. తెలుపు, తెలుపు, ఎటు చూసినా తెలుపే. గోడ రోజు మాత్రం మిషను మీద గుడ్డ కప్పేసి, ఆకుపచ్చ స్వెట్టరు వేసుకుని, భుజానికి సంచి తగిలించుకుని బయల్దేరేది. దాదాపు ప్రతి ఫొటోలోనూ ఒకటే వాలకం. కుడిచెయ్యి పైకి, ఎడమచెయ్యి సంచి మూతి మీద గట్టిగా. ఆ ప్రింట్లు తీసింది నేనే కాబట్టి నాకు బాగా తెలుసు. జేబుదొంగలంటే దీనికింత భయమేమిటా అనుకునేదాన్ని. పని అయ్యాక ఇద్దరూ తాపీగా కబుర్లు చెప్పుకుంటూ నడిచి వచ్చేవారు. నా షాపు ముందు నుంచే వెళ్ళేవారు. ఆ రోజుల్లో మా బావ నోరు విప్పి మాట్లాడటం నేను చూసిందల్లా ఆ దారిలోనే. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చిపడ్డాయి. పొద్దున చెప్తే సాయంత్రానికి ఊరంత బొమ్మ. గోడలు తగ్గాయి. చిన్న కెమెరా పాడైపోయింది. అందులోవన్నీ బావ తన ఫోన్లోకి ఎక్కించుకుని, ఖాళీ దొరికినప్పుడు చూసుకుంటూ కూర్చునేవాడు. ఎండకీ వానకీ గోడల మీదివి పోయినా ఫోన్లోవి ఉన్నాయిగా అని ఆయన ధైర్యం.

కొన్నేళ్ళ కిందట అమ్మాయి, అంటే మా అక్క కూతురు, సెలవులకి వచ్చినప్పుడు ఆ ఫోను చూసి నెత్తి కొట్టుకుంది. "నాన్నా, ఇది గొంతు దాకా నిండిపోయింది. ఇంకో ఫొటో కాదు, ఒక మెసేజీ కూడా పట్టేలా లేదు. అన్నీ పైకి పంపించేస్తాను" అంది. నేను అక్కడే ఉన్నాను. ఏదీ చెరపొద్దు, ఒక డిస్కు తెచ్చిస్తాను ఉండండి అన్నాను. ముగ్గురూ కలిసి నన్ను ఆడుకున్నారు. "డబ్బాల పిన్ని వచ్చేసింది, మూత తియ్యండి!" అని బావ అన్నాడు. నాకు ఒళ్ళు మండి టీ కూడా తాగకుండా లేచొచ్చేశాను.

తర్వాత జరిగింది అమ్మాయి చెప్తేనే తెలిసింది. మా నెట్టుకి అంతంత ఫొటోలు ఎక్కడం లేదు. ఒక్కొక్కటీ సగం దాకా పోయి ఆగిపోతోంది. అప్పుడు అక్కే ఉపాయం చెప్పిందట. "బోర్డు ఒక్కటీ ఉంచి మిగతాదంతా కోసెయ్యవే. ఆ గోడా, ఆ మురుక్కాలవా, మధ్యలో నేనూ, ఇదంతా ఎందుకు? రేపు ఎవరైనా నాన్న పని చూడాలంటే అక్షరాలు కనబడాలిగానీ నా మొహం కాదు." బావ కూడా సరేనన్నాడు. అమ్మాయి సాయంత్రమంతా కూర్చుని, రాయకముందు తీసిన ఖాళీ గోడలవి చెరిపేసి, మిగతా ఒక్కొక్క ఫొటోలోంచి వాళ్ళమ్మని కోసేసింది. అక్క పక్కనే కూర్చుని, తన బొమ్మ పోయినప్పుడల్లా "హమ్మయ్య, ఇప్పుడు శుభ్రంగా ఉంది" అందట. కోసినవి చిన్నవై చకచకా పైకి ఎక్కిపోయాయి. ఫోను ఖాళీ అయింది. అందరూ సంతోషించారు. మనిషి ఎదురుగా ఉండగా ఫొటోలో లేకపోతేనేం అనుకున్నారు.

పోయిన చలికాలంలో మా అక్క పోయింది. జ్వరమే కదా అనుకున్నాం, ఛాతీలో నెమ్ము చేరిందన్నారు, ఆసుపత్రి మంచం మీంచి మళ్ళీ లేవలేదు. షాపులో ప్రింటరు చప్పుడు ఆగితే చాలు, వెనకనుంచి "ఏమే" అని పిలుస్తుందేమో అనిపిస్తుంది నాకు. ఏడుపొస్తుంది. వస్తే ఏడుస్తాను, నాకేం మొహమాటం. బావ మాత్రం ఏడవలేదు. కుంచెలన్నీ కడిగి, ఆరబెట్టి, కాగితంలో చుట్టి పెట్టేశాడు.

మొన్నీమధ్య బేకరీ ఆయన లైసెన్సు జిరాక్సు కోసం నా షాపుకి వచ్చాడు. వచ్చినవాడు కాగితం అందిస్తూనే మొదలుపెట్టాడు.

"మీ బావగారితో మీరొక మాట చెప్పండమ్మా. చెమ్మకి మా పక్కగోడ ఉబ్బిపోతే కొత్తగా సున్నం కొట్టించాను. పాత అక్షరాలు పోయాయి. నాకు అవే కావాలి. మా నాన్న ఉన్నప్పుడు రాసిన గోడ అది. చిన్నప్పుడు ఆ అక్షరాల కింద నిలబడే నేను చదవడం నేర్చుకున్నాను. అంతే ఎత్తు, అంతే లావు, అదే వంపు రావాలి. ఆయనేమో మొదట సరేనని, నిన్న వచ్చి తన వల్ల కాదన్నారు. ఫ్లెక్సీ వేయించుకోమన్నారు."

"ఎవరు? మా బావ? ఫ్లెక్సీ వేయించుకోమన్నాడా?"

"ఆయన నోటితోనే అన్నారమ్మా."

నాకు తిక్క రేగింది. ఫ్లెక్సీ అన్న మాట వింటేనే మొహం తిప్పుకునే మనిషి! బేకరీ ఆయన చేతిలో జిరాక్సు పెట్టి, షట్టరు దించేసి, నాలుగు చివాట్లు పెట్టాలని కొండెక్కాను.

బావ మేడ మీద కిటికీ దగ్గర ఉన్నాడు. ఆ ఇంట్లో సిగ్నల్ అందేది ఆ కిటికీ ఊచల దగ్గరే. కుర్చీ వేసుకుని, ఫోను ఊచకి ఆనించి పట్టుకుని, కొంగలా చూస్తూ కూర్చున్నాడు. తెర మీద ఒక బూడిదరంగు చతురస్రం. మధ్యలో చిన్న చక్రం తిరుగుతోంది. చివాట్లు తర్వాత చూద్దామని దగ్గరికి వెళ్ళాను.

"ఏంటి బావా ఇది?"

"బేకరీ గోడ. వస్తోంది, ఉండు."

ఉన్నాను. పైనుంచి కొంచెం కొంచెంగా దిగింది. ముందు మసకగా, తర్వాత ఇంకాస్త తేటగా. పెద్ద ఎర్ర అక్షరాలు, వాటి పక్కన నీడలా నీలం అంచు. చక్కగా ఉంది. బోర్డు తప్ప ఇంకేం లేదు. ఆయన వేలితో ఫొటో అడుగు అంచు చూపించాడు. ఆఖరి అక్షరం కింద నాలుగు చిన్న గోధుమరంగు చుక్కలున్నాయి. ఏమిటా అని వంగి చూశాను. వేళ్ళు. మా అక్క వేలికొనలు. అమ్మాయి కోసినప్పుడు అంతవరకూ మిగిలిపోయాయి.

"అంతే దొరికింది. అన్నిట్లోకీ ఇదొక్కటే" అన్నాడు బావ.

నేను ఆ కిటికీ గట్టు మీదే కూర్చున్నాను.

"కింద మనిషి ఉంటే నిలువు తెలుస్తుంది. నిలువు తెలిస్తే అక్షరం ఎంతో తెలుస్తుంది. ఇందులో ఏముంది? అక్షరాలు అరచెయ్యంత ఉన్నాయో, ఆకాశమంత ఉన్నాయో ఎలా చెప్పను? ఆయనకి తప్పుడు గోడ రాసివ్వలేను. అందుకే కాదన్నాను" అన్నాడు. మళ్ళీ తనే అన్నాడు. "అది కూడా కాదులే. గోడ వంకతో దాన్ని చూద్దామనుకున్నాను."

"గోడకి పెద్ద ఫొటో ఉందిగా బావా, కింద గదిలో."

"అదా? ఆ స్టూడియో ఫొటోలో ఉన్నది మీ అక్కా? ఎవరో ఆఫీసరమ్మ సంతకం పెట్టడానికి కూర్చున్నట్టు ఉంటుంది."

నిజమే. ఆ ఫొటోలో మా అక్క బిగుసుకుపోయి ఉంటుంది. నాకూ అది నచ్చదు.

"మొహం గుర్తుంది. గొంతు గుర్తుంది. గోడ పక్కన ఎలా నిలబడేదో గుర్తు రావడం లేదు" అన్నాడు ఆయన. "ఏ కాలి మీద బరువేసేది? తల ఎటు పెట్టేది? నా మతిమరుపు సంగతి నీకు తెలియందేముంది. గుమ్మం పక్కన మేకుకున్న టేపుని గుర్తుపెట్టుకోలేని వెధవని. నిలబడే తీరు అప్పుడే పోయింది. రేపు గొంతు పోతుంది. ఎల్లుండి మొహం పోతుంది. మీ అక్క పైన, ఫొటోలూ పైన. కింద మిగిలింది ఈ ఖాళీ బుర్ర ఒక్కటే, దీన్ని నమ్ముకుని నేనెలా బతకను, చెప్పు."

అంత పొడుగు మాట ఆయన నోట నేను ఇంట్లో ఎప్పుడూ వినలేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాంతోపాటు కోపమూ వచ్చింది.

"లే" అన్నాను.

"ఎక్కడికి?"

"నా షాపుకి. ఇన్నాళ్ళూ ఈ మాట నాకెందుకు చెప్పలేదు? ఆ ఖాళీ గోడలన్నీ ప్రింటు తీసింది ఎవరు? నీ కెమెరా కార్డు పట్టుకొచ్చి నా నెత్తిన కూర్చునేవాడివి కాదూ? డబ్బాల పిన్ని, డబ్బాల పిన్ని అని ఊరంతా ఎగతాళి చేస్తే ఆ డబ్బాల్లో నేనేం దాచాననుకున్నావు, బిస్కెట్లా?"

బావ నా మొహంలోకి చూశాడు. చెప్పులు వేసుకోకుండానే మెట్లు దిగుతుంటే వెనకనుంచి కేకేసి వేయించాను.

షాపు వెనక అరలోంచి డబ్బాలు ఒక్కొక్కటే దించాను. మాటలైతే అన్నానుగానీ, ఆ డిస్కు ముట్టుకుని ఎన్నేళ్ళయిందో! 'బోర్డుల బావ' అని రాసిన డబ్బా అడుగున దొరికింది. గుడ్డ విప్పి, వైరు తగిలించి, కంప్యూటరుకి పెట్టాను. లోపల టిక్కు టిక్కుమంది. ఆగింది. మళ్ళీ టిక్కుమంది. "తిరగవే తల్లీ, పరువు తియ్యకు" అని బతిమాలాను. తెర మీద ఒక పెట్టె తెరుచుకుంది. ఈ డిస్కుని ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని అడిగింది.

మా బావకి మర్యాద ఎక్కువ. ఎవరేది అడిగినా కాదనడు. "చేస్తానంటోందిగా పాపం" అంటూ మౌస్ మీద చెయ్యి వేశాడు.

"ఓరి దేవుడా! తియ్యి చెయ్యి!" అని ఒక్క అరుపు అరిచాను. పక్క కొట్టు మంగలాయన దువ్వెనతో సహా పరిగెత్తుకొచ్చాడు. ఫార్మాట్ అంటే మొత్తం తుడిచెయ్యడం అని చెప్పేసరికి బావ మొహం తెల్లబోయింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని బడిపిల్లాడిలా కూర్చున్నాడు. నేను వైరు పీకి, ఇంకో వైరు వెతికి, ఈసారి కంప్యూటరు వెనక రంధ్రంలో పెట్టాను. డిస్కు గుర్రుమంది. తిరిగింది. పేర్లు వరసగా తెర మీదికి దిగాయి. చెప్పుల గోడ, పళ్ళ డాక్టరు, తాళాల షట్టరు, బేకరీ.

బేకరీది నొక్కాను. చక్రం లేదు, మసక లేదు, ఎదురుచూపు లేదు. ఒక్కసారిగా మా అక్క వచ్చి తెర నిండా నిలబడింది.

ఖాళీ గోడ. ఆకుపచ్చ స్వెట్టరు. చెయ్యి పైకి. ఆ రోజు గాలి బాగా ఉన్నట్టుంది, జుట్టంతా మొహం మీదికి ఎగిరిపోతోంది. దాన్ని ఎడమచేత్తో వెనక్కి తోసుకుంటూ నవ్వుతోంది. ఏదో అంటోంది కూడా, నోరు సగం తెరిచి ఉంది. "త్వరగా తీయండి బాబూ" అనే అయ్యుంటుంది. నేను "అక్కా" అన్నాను, పైకే.

బావ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "పాదాలు చూపించు" అన్నాడు.

పెద్దది చేసి కిందికి జరిపాను. ఎడమకాలి మీద బరువేసింది. కుడి మడమ కొంచెం లేపింది.

"చూశావా, మడమ లేపింది!" అన్నాడు బావ. "పొట్టిదాన్ననిపించుకోకూడదని. అందుకే నా అక్షరాలు ఎప్పుడూ అనుకున్నదానికన్నా కాస్త పెద్దగా వచ్చేవి!"

"దాని బుద్ధి తెలిసిందేగా" అన్నాను. ఇద్దరం నవ్వాం. మళ్ళీ పైకి జరుపుతున్నాను. మోకాళ్ళు, స్వెట్టరు అంచు, సంచి.

"ఆగు" అన్నాడు బావ.

ఆగాను. ఎప్పుడూ సంచి మూతి మీద ఉండే చెయ్యి ఆ రోజు జుట్టు మీద ఉంది. సంచి మూతి తెరుచుకుని ఉంది. అందులో జేబురుమాలు, దాని పక్కన పసుపుపచ్చగా ఏదో కనిపించింది. ఇంకా పెద్దది చేశాను. ఫొటో చెదరలేదు, అసలుది కదా. పసుపుపచ్చ డబ్బా. ఒక మూల మీద ఎర్ర రంగు చుక్క.

 మంగలాయన ఎప్పుడు వెళ్ళిపోయాడో తెలియదు.

"ఇది నా టేపు" అన్నాడు బావ.

"అవును బావా."

"ఇది మేకుకి కదా ఉండాలి."

నేను వెంటనే పళ్ళ డాక్టరు గోడ తెరిచాను. చెయ్యి సంచి మూతి మీద. చెప్పుల గోడ. చెయ్యి సంచి మూతి మీద. తాళాల షట్టరు దగ్గర సంచి లేదు, కోటు వేసుకుంది, చెయ్యి కోటు జేబు మీద ఉంది, జేబు ఉబ్బి ఉంది. దొంగలంటే భయం అనుకున్నాను నేను. దొంగే అది! పొద్దున్నే మేకు మీంచి టేపు కాజేసి, ఊరంతా ఆయన వెనక తిరిగి, గోడ గోడకీ చెయ్యెత్తి నిలబడి, ఇంటికి రాగానే చప్పుడు చేయకుండా మేకుకి తగిలించి, మళ్ళీ ఎదురు ఆయన్నే తిట్టింది. ఆ తెల్లకోట్ల మధ్య నుంచి ఒక్కపూట ఆయనతో బయటికి రావడానికి.

"టేపు ఉంటే దీన్ని రమ్మని పిలిచేవాణ్ణి కాదు" అన్నాడు బావ నెమ్మదిగా. "నిజమే. పనికి పోతూ పెళ్ళాన్ని ఎవడు తీసుకెళ్తాడు? నాకు తోచేదే కాదు."

వేలు తెర మీద ఆ ఎర్ర చుక్క మీద పెట్టి అలాగే ఉన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. కళ్ళు నిండిపోయి ఉన్నాయి. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"అయితే మరదలా, నాకు మతిమరుపు లేదు."

"లేదు బావా."

"ఒక్కసారే మర్చిపోయాను. ఆ మొదటిసారి. ఆ తర్వాత ఏ రోజూ మర్చిపోలేదు. మేకు ఖాళీగానే ఉండేది. నేను చూసింది నిజమే!"

"నిజమే బావా. నీ బుర్ర మాలాంటి వాళ్ళ బుర్రలకన్నా బాగుంది."

"దొంగముండ" అన్నాడు, ఎంత ముద్దుగా అన్నాడో చెప్పలేను. అని, మొహం రెండు చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. అక్క పోయాక ఆయన ఏడవడం అదే మొదలు. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే ఆ ఫొటోలన్నీ ఇంకో కొత్త డిస్కులోకి ఎక్కించాను. ఒకటి నా దగ్గర, ఒకటి ఆయన దగ్గర.

ఆ సాయంత్రం సిగ్నల్ ఉన్నంతసేపట్లో అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. అంతా విని, "నేనే కోశాను పిన్నీ, అమ్మని నా చేత్తో నేనే కోసేశాను" అని వెక్కిళ్ళు పెట్టింది. "నోర్ముయ్. మీ అమ్మ చెప్తే చేశావు. కోసిన ముక్క నీ దగ్గరుంటే మనిషి నా దగ్గరుంది. వచ్చి చూసుకో" అన్నాను. వారం తిరక్కుండా దిగిపోయింది. నా షాపులో ఆ కుర్చీలో కూర్చుని ఒక్కొక్క గోడా చూసింది. వెళ్తూ వెళ్తూ అరలో డబ్బాలన్నీ తనే తుడిచి సర్దింది. ఈసారి నవ్వలేదు.

బేకరీ గోడ పని మొదలైంది. పాత ప్రింటు మళ్ళీ తీసిచ్చాను. బావ దాని మీద పెన్సిల్‌తో అక్షరాలు పేర్చుకున్నాడు, మడమ లేపినంత మేర తీసేయాలా ఉంచాలా అని కాసేపు ఆలోచించి, ఉంచేశాడు. కుంచెల మీది కాగితం విప్పాడు. పని మొదలయ్యే రోజు నన్నూ అమ్మాయినీ కూడా రమ్మన్నాడు. కొత్త సున్నం మీద ఎండ పడి గోడ మిలమిలలాడుతోంది. లోపలినుంచి రొట్టె కాలుతున్న వాసన వస్తోంది. బేకరీ ఆయన గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

బావ సంచి దింపాడు. కుంచెలు తీశాడు. సుద్ద తీశాడు, దారం తీశాడు. సంచి బోర్లించి దులిపాడు. తల గోక్కున్నాడు.

"అమ్మా, టేపు మర్చిపోయానే" అన్నాడు కూతురితో. "అలా గోడ పక్కన నిలబడి చెయ్యెత్తు."

అమ్మాయి నావైపు చూసింది. నేను ఆమెవైపు చూశాను. ఇద్దరం నోరెత్తలేదు. అది వెళ్ళి గోడకి ఆనుకుని, ఎడమకాలి మీద బరువేసి, కుడిచెయ్యి నిటారుగా పైకెత్తింది. అచ్చం వాళ్ళమ్మ నిలువే.

బావ ఫోన్లో కెమెరా తెరిచి నా చేతికిచ్చి తనూ వెళ్ళి కూతురి పక్కన నిలబడ్డాడు. ఆయన చొక్కా జేబు బరువుకి ఒక పక్కకి లాగేస్తోంది, పైనుంచి పసుపుపచ్చ మూల బయటికి కనబడుతోంది. నేను రెండడుగులు వెనక్కి వేసి, ఆ జేబు కూడా పడేలా ఫొటో తీశాను.